పోయిందని చెప్పిన పాస్‌పోర్టు

పేరు పిలుస్తాం, అప్పటిదాకా కూర్చోమన్నాడు గేటు దగ్గరి జవాను. కూర్చున్నాను. రేకుల నీడ, సిమెంటు బల్ల, నాతో పాటు ఇంకో ఆరుగురు, అందరి ఒళ్లోనూ ఒక్కో సంచి. నా సంచి మాత్రం ఖాళీ. కుట్టి తెచ్చిన రెండు పైజామాలూ లోపలికి పోయాయి గానీ, పోయే ముందు జవాను వాటి నాడాలు సర్రున లాగి నా చేతిలో పెట్టాడు, లోపల నాడాలు నడవవట. ముప్ఫై ఏళ్లకు దగ్గరగా కోరుట్లలో మిషను తొక్కుతున్న దర్జీని, ఒక్క మాట ముందు తెలిస్తే ఎలాస్టిక్ వేయనా. ఇప్పుడు వెంకటి జగిత్యాల సబ్‌జైలులో ఒక చేత్తో పైజామా పట్టుకుని ఇంకో చేత్తో అన్నం తినాలి. వాడికి నవ్వొస్తుంది, నాకు తెలుసు, నవ్వకూడని చోటే వాడికి నవ్వు ఆగదు, మా అబ్బా నన్ను బెత్తంతో కొడుతుంటే గోడ అవతల నుంచి కిలకిల నవ్విన వెధవ. నాకు నవ్వు రావడం లేదు. వాడు దొంగ అని కాగితం మీద రాశారు. నా పాస్‌పోర్టు దొంగిలించి, ఇరవై రెండేళ్లు సౌదీలో అక్బర్ అనే నా పేరు పెట్టుకుని బతికాడని రాశారు. ఆ కాగితం కింద సంతకం నాది.

ఫొటో చూసి సంతోషపడ్డాను, అదీ నేను చేసిన తప్పు. సంతోషపడి కొంప ముంచినవాణ్ణి నన్నొక్కణ్ణే చూస్తున్నాను. జబీన్ ఉమ్రాకు పోదామంది, నా భార్య నోరు తెరిచి ఏదైనా అడగడమే అరుదు, పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుడుతూ ఆమె అడిగింది ఆ ఒక్క మక్కా యాత్రే. పాస్‌పోర్టు కావాలి. పాతముచ్చట ఏమన్నా అడ్డమొస్తుందా అని వెంకటినే అడిగాను, వాడే ధైర్యం చెప్పాడు, నేను అచ్చి ఆరేండ్లయింది, నీ పేరు నువ్వు తీస్కో ఇగ అన్నాడు. దరఖాస్తు పెట్టాను. పది రోజులకు స్టేషన్ నుంచి ఎంక్వైరీకి ఒకాయన దుకాణానికి వచ్చి ఇదే పేరు, ఇదే తండ్రి, ఇదే పుట్టిన తేదీతో ఒక పాస్‌పోర్టు ముందే ఉందే, ఇదుగో ఫొటో, ఈయన నీకెరికేనా అని అడిగాడు. చూశాను. ఇరవై నాలుగేళ్ల వెంకటి. చెవుల మీదికి జుట్టు, పలుచని మీసం, కింది పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటున్న మొహం. అన్నీ మరిచిపోయాను. "మా వెంకటి!" అన్నాను, మిషను దగ్గరున్న జబీన్‌కు కూడా చూపించబోయాను. ఆయన ఫొటో నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు, తర్వాత అడగాల్సింది అడిగాడు, ఇచ్చినవా, పోయిందా, రెండిట్ల ఒకటి చెప్పు అన్నాడు. జబీన్ నా మొహంలోకి చూస్తోంది. పోయింది అన్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా చెబుతున్న మాట, నాలుక మీద అరిగిపోయిన మాట, దానంతట అదే బయటికొచ్చింది. ఆయన దాన్ని దొంగతనమని రాసి ముందు పెడితే సంతకం పెట్టాను.

నిజానికి చిన్నప్పటి నుంచీ ఏది ఎక్కాలన్నా వాడే ఎక్కేవాడు, కింద నిలబడేది నేను. వాళ్ల నాయన తాటిచెట్లు గీసి కల్లు తీసేవాడు, పొద్దున్నే మోకు భుజాన వేసుకుని పోతుంటే మేమిద్దరం వెనక పరుగెత్తేవాళ్లం, మంచుకు తడిసిన గడ్డి కాళ్లకు చల్లగా తగిలేది. వెంకటి పదేళ్లకే చెట్టు మొన దాకా పోయి పైనుంచి నన్ను పిలిచేవాడు, నేను నా ఎత్తుకు రెండింతలు ఎక్కి, చెట్టును రెండు చేతులా వాటేసుకుని, ఎక్కలేక దిగలేక ఏడ్చేవాణ్ణి. వాళ్లమ్మ మొగిలవ్వ ఆ ముచ్చట పెళ్లిళ్లలో కూడా చెప్పి నవ్వించేది. మా అమ్మీ వహీదాబీకి మాత్రం నేను తాటివనానికి పోయినట్టు తెలియకూడదు, తెల్లని నీరా ఒక్క చుక్క మూతి దగ్గర కనబడినా ఇంట్లో కయామత్ వచ్చేది. ఇప్పుడా ఇద్దరు తల్లులూ లేరు. ఉంటే ఇవాళ ఈ బల్ల మీద ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చునేవారు, ఇద్దరూ కలిసి నన్నే తిట్టేవారు.

బొంబాయి. ఇరవై ఎనిమిదేళ్ల కింద, గల్ఫుకు మనుషుల్ని పంపే ఏజెంటు గది మహమ్మదలీ రోడ్డు వెనక ఒక సందులో, మెట్లెక్కుతుంటే చేపల వాసన. పద్దెనిమిది మందిమి ఉండేవాళ్లం ఆ గదిలో, మెట్‌పల్లి వాళ్లు, ఎల్లారెడ్డిపేట వాళ్లు, అందరం మన దిక్కువాళ్లమే, పెద్ద డేగిశలో అన్నం వండుకుని పప్పు పోసుకుని చుట్టూ కూర్చుని తినేవాళ్లం. సౌదీ వీసా నాది. వెంకటి నన్ను సాగనంపడానికి వచ్చాడు, సాగనంపడం ఒక సాకు, వాడికి సముద్రం చూడాలని. రోజూ సాయంత్రం పోయి అలల్లో కాళ్లు పెట్టి నిలబడేవాడు, ఇంత నీళ్లున్నయి, మన మడికి ఒక్క తడి పారదు గదరా అనేవాడు. ఆ పదమూడు రోజులంత సుఖంగా మేమెప్పుడూ లేము, ఇప్పటికీ ఎక్కడైనా చేపలు వేగుతుంటే నాకు ఆ మెట్లే గుర్తొస్తాయి. పధ్నాలుగో రోజు ఒకాయన వచ్చాడు, గంభీరావుపేట ఆయన, దుబాయి పోయేవాడనుకుని జరిగి చోటిచ్చాం. ఆయన పోయేవాడు కాదు. తమ్ముడి పెట్టె వస్తోందట విమానంలో, దాన్ని తీసుకుపోవడానికి వచ్చాడు. అందరితో పాటే కూర్చుని అన్నం కలుపుకున్నాడు. నన్ను చూసి, ఏ కంపెనీ అని అడిగాడు. చెప్పాను. తల ఊపాడు, "మా తమ్మునిది సుత గదే" అన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను లేచి పోయి వాంతి చేసుకున్నాను. వెంకటి వెనకే వచ్చి వీపు రాశాడు. నేను పోనురా అన్నాను, పోకపోతే అబ్బా చంపేస్తాడు, పొలం పోయింది ఈ వీసాకు, పోతే నేను కూడా పెట్టెలోనే వస్తాను అన్నాను, చిన్నపిల్లాడిలా వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు నా వేళ్లు చొక్కా నుంచి ఒక్కొక్కటే విడిపించాడు. తర్వాత, "నేను పోతతీయ్" అన్నాడు. బజారుకు పోయి ఉప్పు తెస్తానన్నట్టే అన్నాడు.

ఏజెంటుకు అదొక లెక్క కాదు, ఆ రోజుల్లో తల మార్చడం అనేవాళ్లు దాన్ని, మన జిల్లాలో ఎన్ని తలలు అలా మారి గల్ఫుకు పోయాయో. చాయ్ తాగి వచ్చేలోపు నా పాస్‌పోర్టులో నా ఫొటో పోయి వాడి ఫొటో వచ్చింది. మిగిలిన ఒక్క పూటలో వాడికి మా అబ్బా పేరు, అమ్మీ పేరు, మా ఇంటి నంబరు బట్టీ పెట్టించాను, మసీదులో ఎలా నిలబడాలో చెప్పాను, మతికి రాకపోతే ముందున్నోడు ఎట్ల చేస్తే గట్ల చెయ్యి అన్నాను. వాడు సాధన చేస్తుంటే ఇద్దరం నవ్వాం. విమానాశ్రయం గాజు తలుపు అవతలికి పోయాక ఒకసారి వెనక్కి చూశాడు, నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు, వాడికీ భయమేనని.

నేను కోరుట్లకు ఏ మొహంతో పోవాలి, అబ్బా మా గల్లీ అంతా మిఠాయి పంచి ఉన్నాడు. కోరుట్ల బస్సు వదిలేసి సిరిసిల్ల బస్సెక్కాను. వేణు అనే ఆసామి నడిపే సాంచాల కార్ఖానాలో, బట్ట నేసే మరమగ్గాల దగ్గర, పని అడిగితే పేరేంది అన్నాడు. అక్బర్ సౌదీలో ఉన్నాడు కదా. వెంకటి అన్నాను. ఎనిమిది నెలలు వెంకటినై ఉన్నాను. మొదట్లో వెంకటీ అని పిలిస్తే తిరిగి చూసేవాణ్ణి కాదు, నలభై సాంచాల చప్పుడులో ఎవరి పేరూ ఎవరికీ వినబడదు గనక బతికిపోయాను, భుజం తట్టి పిలిచేవాళ్లు. తెగిన పోగులు అతకడం నేర్చుకున్నాను, వేలి కొసల్లో పోగును మెలిపెట్టే ఆ నేర్పే తర్వాత నన్ను దర్జీని చేసింది. కండెలు చుట్టే కనకవ్వ నా డబ్బాలో రోజూ ఇంత మామిడి తొక్కు పచ్చడి వేసేది, నీకు తల్లి లేదా కొడుకా, ఎన్నడు ఊరికి పోవు అని అడిగేది. శుక్రవారం జేబులో రుమాలు దాచుకుని, నాలుగు గల్లీల అవతలి మసీదుకు దొంగలా పోయి వచ్చేవాణ్ణి. అయినా ఎందుకో, ఆ దుమ్ము, ఆ చప్పుడు, ఆ మామిడి తొక్కు తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు హాయిగా ఉంటుంది.

ఉత్తరాలు వచ్చేవి. పైన రాసి ఉండేది వెంకటికి అని, వెనక అక్బర్ నుంచి అని. మొదటి ఉత్తరం నాకు కంఠతా వచ్చు: వెంకటీ, నేను అక్బర్‌ను, ఈడ మంచిగున్న, నువ్వు ఆడ మంచిగున్నవా, పొద్దుగాల నాలుగింటికి హాజరు తీస్తరు, నీ పేరు వాళ్ల నోట్లె మంచిగ పలుకుతది. రంజాన్‌లో రాసిన ఉత్తరానికి కార్ఖానాలో ఒక్కణ్ణే పగలబడి నవ్వితే వేణు నన్ను పిచ్చివాణ్ణనుకున్నాడు. నీ పేరు మీద ముప్ఫై రోజులు ఉపాసమున్న, ఆకలైనప్పుడల్ల నిన్నే తిట్టిన అని రాశాడు. తర్వాత కోరుట్ల బట్టల వ్యాపారి ఒకడు నన్ను గుర్తుపట్టి అబ్బాకు చెప్పాడు, అబ్బా వచ్చి కార్ఖానా ముందే చెంప పగలగొట్టి, ఆ చేత్తోనే హోటల్లో అన్నం పెట్టించాడు. అప్పుడు చెప్పాను మొదటిసారి, పాస్‌పోర్టు బొంబాయిలో పోయింది, సిగ్గుపడి దాక్కున్నానని. నమ్మారు. వెంకటికి బొంబాయిలో ఎవరో వీసా ఇప్పించారటగా, వాడిది అదృష్టం అన్నారు. నా పోయిన అదృష్టమూ, వాడికి దొరికిన అదృష్టమూ ఒకటేనని మా గల్లీలో ఏ బుర్రకూ తట్టలేదు.

వాడు సెలవు మీద వచ్చినప్పుడల్లా ఇల్లు చూడకముందే నా దుకాణం చూసేవాడు. ప్యాంటు కుట్టు అనేవాడు, టేపు నడుము చుట్టూ తిప్పితే నాకు తెలిసేది, ఈ రెండేళ్లూ ఏం తిన్నాడో, ఎంత మోశాడో. మొదటిసారి వచ్చినప్పుడు రెండు అంగుళాలు తగ్గాడు. మెడ వెనక చర్మం కాలి నల్లబడి తోలులా అయింది. అది నా మెడ మీద పడాల్సిన ఎండ. ఆ మాట ఒక్కసారైనా వాడితో అందామనుకుని ప్రతిసారీ కొలత చీటీ మీదకు తలవంచేవాణ్ణి.

మొన్న వాణ్ణి పట్టుకుపోయిన రోజు వాడి భార్య స్వర్ణలత వచ్చి గుమ్మం బయటే నిలబడింది, ఎప్పుడూ లోపలికి వచ్చి నీళ్లు ముంచుకుని తాగే మనిషి. ఏడవలేదు. "అన్నా, మా ఆయన పోలీసోళ్లకు ఏం చెప్తలేడు. నువ్వన్న చెప్పు, గాయన దొంగనా?" అంది. నేను వకీలును పెట్టిస్తానన్నాను. అడిగిందేమిటి, నేను చెప్పిందేమిటి. ఆమె పోయాక జబీన్ తలుపు దగ్గరకు వేసింది. ఇన్నేళ్లు మన అన్నం తిని మీ పేరు దొంగిలించాడా అని ఉర్దూలో నాకే వినబడేట్టు అంది, ఆ ఇంటికి కూర పంపడం మానేసింది. నన్ను నమ్మే మనిషి కోపం అంత బాధ పెడుతుందని నాకు తెలియదు. నిజం చెబితే ఆమెకు పోయేది మక్కా ఒక్కటే కాదు, పాతికేళ్లుగా తను చూస్తున్న మొగుడు కూడా పోతాడు.

వకీలు సృజన కోరుట్ల పిల్లే, ఆమె స్కూలు డ్రెస్సులు ఆరో తరగతి నుంచి నేనే కుట్టాను. పొద్దున కోర్టు దగ్గర కలిస్తే మొహమాటం లేకుండా చెప్పింది: "కాకా, గా పాస్‌పోర్టు నువ్వే ఇచ్చినవని రాసిస్తే దొంగతనం కేసు నిలువది, బెయిల్ జల్ది అస్తది. కని నువ్వు సుత ముద్దాయివి అయితవ్. పాస్‌పోర్టు ఆశ ఇగ వదులుకోవాలె." మధ్యాహ్నం రెండింటికి బెయిల్ మీద వాదన, ఒంటిగంటకు ఈ గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుంటానంది, అప్పటికి ఏదో ఒకటి చెప్పమంది. పన్నెండున్నర దాటింది. వెంకటిని చూసి, వాడేమంటే అది చేద్దామని వచ్చాను. ఇది కూడా నా పాత అలవాటే, కష్టమైన మాట వాడి నోటితో చెప్పించుకోవడం. చెట్టు మీద నుంచి దిగాలన్నా వాడే వచ్చి నా కాలు పట్టి కింద ఎక్కడ పెట్టాలో చూపించాలి.

గేటులో నుంచి జవాను తల బయటపెట్టి "అక్బర్, కోరుట్ల" అని అరిచాడు. నేను లేచేలోపే లోపల ఇనుప జాలీ వెనక నుంచి ఒక గొంతు గట్టిగా, తడుముకోకుండా, "హాజర్" అంది. జవాను వెనక్కి తిరిగి, నిన్ను గాదయ్య, కలవనీకి అచ్చినాయన్ని అని కసిరాడు. బల్ల మీది వాళ్లు నవ్వారు. ఇరవై రెండేళ్లు పొద్దున నాలుగింటికి, ఎడారి చలిలో, వాడు ఆ పేరుకు అలా లేచి నిలబడ్డాడు. నేను దుప్పటి కప్పుకుని కోరుట్లలో నిద్రపోతూ ఉన్నాను.

జాలీ అవతల వెంకటి నిజంగానే ఎడమ చేత్తో నడుము పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం తెల్లగా పెరిగింది. పైజామ మంచిగ కుట్టినవ్‌రా, నిలుసుంటలేదు గంతే అన్నాడు. స్వర్ణలత ఎలా ఉందని అడిగాడు, జబీన్ భాబీ తిడుతుందా అని అడిగాడు, తిడుతుందంటే తిట్టనీ అన్నాడు. సృజన చెప్పింది చెప్పాను. పూర్తిగా వినక ముందే తల అడ్డంగా తిప్పాడు, పోయింది అన్న మాట మీదనే ఉండమన్నాడు, పోలీసులకు తను నోరు విప్పనని చెప్పాడు. ఎందుకురా అన్నాను. చుట్టూ చూసి జాలీకి దగ్గరగా వచ్చాడు.

"ఒక ముచ్చట నీకు ఎన్నడు చెప్పలే. రెండో ఏడు కంపెనోళ్లు మక్కాకు బస్సు పెట్టిండ్రు. అక్బర్ రా అని నన్ను సుత ఎక్కిచ్చిండ్రు. తొవ్వల ఒక గేటు అస్తది, గది దాటి ముస్లిములు గాని మా అసొంటోళ్లు పోవద్దు. కడుపు నొస్తున్నదని నేను ముందుగాల్నే దిగిన. రెండు దినాలు ఒక హోటల్ కాడ పండుకున్న. మల్ల బస్సు అచ్చినంక ఎక్కిన." ఊపిరి తీసుకున్నాడు. "నీ పేరు మీద తిన్న, నీ పేరు మీద పన్న, జీతం తీస్కున్న. గదొక్కటి ముట్టలే. గది నీదిరా. నువ్వు భాబీని తీస్కొని పో."

టైమ్ అయిందన్నాడు జవాను. వెంకటి వెనక్కి తిరిగి, నడుము పట్టుకునే లోపలికి నడిచాడు, మెడ వెనక ఆ నల్లని తోలు కనబడింది. పోనురా అని నేను అన్నానో లేదో నాకు తెలియదు, అన్నా వాడికి వినబడలేదు. గేటు బయట గోడకు ఆనుకుని ఏడ్చాను, యాభై రెండేళ్ల వాణ్ణి, ఎవరు చూస్తే ఏమిటి. నాకు వాడు మక్కా దాచిపెట్టాడు. ఎండలో, పనిలో, ఉపవాసంలో, ఇన్నిటి మధ్య నాది ఏదో వాడికి గుర్తుంది. నా దగ్గర వాడిది ఏముందని వెతికితే ఒక్క నిజమే కనబడింది, దాన్ని కూడా నేను నా కోసమే వాడుకుంటున్నాను.

చాయ్ హోటల్లో సృజన ఫైలు తెరిచి కూర్చుంది. జబీన్‌కు ఫోన్ చేశాను. వెంకటి దొంగ కాదు, నేనే ఇచ్చాను, మనం మక్కాకు పోలేము అని మూడు ముక్కల్లో చెప్పాను, ఎక్కువ చెబితే మధ్యలో ఆగిపోతాను. ఎందుకిచ్చారు అని మాత్రం అడిగింది. ఇంటికొచ్చి చెబుతానన్నాను. ఫోన్ పెట్టేసింది, కోపంతోనో మరి దేనితోనో తెలియదు. సృజన రాసుకుంటూ పోయింది, ఏ ఏడు, ఏ గది, ఏజెంటు పేరేమిటి, నేను చెబుతూ పోయాను, ఆమె కలం చివరి వరుసకు వచ్చి ఆగింది.

"ఎందుకిచ్చినవని జడ్జి అడుగుతడు కాకా. ఇంట్ల ఎవలకన్న బాగలేకుండెనా? పైసల కోసమా? ఏం రాయాలె?"

బాగుంటుంది, అమ్మీకి జబ్బు చేసిందని రాస్తే. ఎవరూ తప్పు పట్టరు. సృజన కూడా అదే అందించినట్టు చూస్తోంది. చాయ్ పక్కకు జరిపాను.

"నాకు భయమైంది, వాడు పోయిండు," అన్నాను. "గదే రాయి బిడ్డా."